బంతి లేని పోకెమాన్

(రికార్డింగ్ విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న లెక్క తీసుకుందాం. మీలో పోకెమాన్‌ని, అంటే వీడియో గేమ్‌లో బంతి విసిరి పట్టే ఆ వింత జీవాన్ని, పట్టినవాళ్ళు ఎంతమంది? ఫోన్‌లో అయినా సరే, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ మెషిన్‌లో అయినా సరే, చేతులెత్తండి. ఆఁ, దాదాపు అందరూ ఎత్తారు. ఎత్తనివాళ్ళు మొహమాటపడుతున్నారు, అంతే. సరే, దించండి. ఇప్పుడు రెండో ప్రశ్న. మీలో పోకెమాన్ అయినవాళ్ళు ఎంతమంది? మళ్ళీ చెబుతున్నా, పట్టినవాళ్ళని అడగడం లేదు. అయినవాళ్ళు. మూడు చేతులు. ఆ ముగ్గురికీ నేను ఇవాళ చెప్పబోయేది ఈపాటికే తెలిసిపోయింది. మీరు కావాలంటే కాసేపు నిద్రపోవచ్చు. మిగతావాళ్ళతో మాట్లాడతాను.

ఇవాళ్టి విషయం 'పోకెమాన్ మిస్టరీ డన్జన్'. ఇది అసలు సిరీస్ కాదు, స్పిన్-ఆఫ్. స్పిన్-ఆఫ్ అనగానే మనకి కాస్త చిన్నచూపు ఉంటుంది కదా? హిట్టయినదాని పేరు తగిలించుకుని నాలుగు డబ్బులు చేసుకునే సరుకు అని. చాలాసార్లు నిజమే, నేను కాదనను. కానీ ఈ గేమ్ విషయంలో నాకొక వాదన ఉంది. అసలు సిరీస్ అడగలేని ప్రశ్న ఒకటి ఈ పిల్ల గేమ్ అడిగింది. ఆ పోకెమాన్ బతుకేమిటి, అది పడిపోతే ఎవరొస్తారు అని. ఆ ప్రశ్న కథలో కంటే ఎక్కువగా రూల్స్‌లో ఉంది. అందుకే కథ కంటే ముందు రూల్స్ చెబుతాను. కథ కోసం వచ్చినవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి.

ముందుగా తల్లి సిరీస్ గురించి రెండు ముక్కలు. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో, గేమ్ బాయ్ మీద, రెడ్, గ్రీన్ అని రెండు గేమ్‌లుగా వచ్చింది. తయారుచేసింది గేమ్ ఫ్రీక్. మూలమైన ఆలోచన సతోషి తజిరిది. ఆయన చిన్నప్పుడు పురుగులు పట్టి పోగుచేసేవాడు. ఆ సరదాయే ఆట అయింది. ఇది ఆయనే చాలాసార్లు చెప్పుకున్న సంగతి. ఇప్పుడు ఆలోచించండి. పురుగుని సీసాలో పెట్టి చూసే పిల్లవాడు, లోపలి పురుగు ఏమనుకుంటోందని ఆలోచిస్తాడా? ఆలోచించాడంటే మూత తీసేస్తాడు. మూత తీస్తే ఆట అయిపోయింది! అందుకని ఆలోచించకూడదు. అసలు సిరీస్‌లో మీరు ట్రైనర్. వెనక నిలబడి అది చెయ్యి, ఇది చెయ్యి అంటారు. దెబ్బలు దానికి, బ్యాడ్జీలు మీకు. అది సొమ్మసిల్లితే పోకెమాన్ సెంటర్‌కి తీసుకెళ్తారు, రూపాయి తీసుకోకుండా బాగుచేసి ఇచ్చేస్తారు. తిండి ఖర్చు లేదు. అద్భుతమైన గేమ్, నేను అందులో ఎన్ని వందల గంటలు పోశానో మా ఇంట్లోవాళ్ళని అడగండి. కానీ ఆ గేమ్ సీసా బయట నిలబడి ఆడేది.

ఇక ఈ స్పిన్-ఆఫ్‌కి ఇంకో తల్లి ఉంది. దాని సంగతి చాలామందికి తెలియదు. 1980లో 'రోగ్' అని ఒక కంప్యూటర్ గేమ్ వచ్చింది. మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. అందులో బొమ్మలు లేవు. తెర మీద అక్షరాలే. మీరు '@' గుర్తు. రాక్షసులు ఏ నుంచి జెడ్ దాకా ఇంగ్లిష్ పెద్దక్షరాలు. గుహలో కిందికి దిగుతూ పోవాలి. ప్రతి అంతస్తూ దిగిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది, కాబట్టి దారి బట్టీ పట్టడం కుదరదు. ఆకలేస్తుంది, తినాలి. చచ్చిపోతే అంతే, మళ్ళీ మొదటి నుంచే. ఈ తరహా గేమ్‌లనే ఇప్పుడు రోగ్‌లైక్ అంటున్నాం. ఆ మాట మీరు వినే ఉంటారు, ఈమధ్య ప్రతి రెండో గేమ్ తనని తాను రోగ్‌లైక్ అనే చెప్పుకుంటోంది.

ఇంత మొరటు ఆటని మామూలు జనం ఎందుకు ఆడతారు? ఆడరు. ఆ చిక్కు విప్పింది జపాన్‌లో చున్‌సాఫ్ట్ అనే కంపెనీ. 1984లో కొయిచి నకమురా పెట్టినది. జపాన్‌లో బాగా పేరున్న డ్రాగన్ క్వెస్ట్ అనే సిరీస్‌లో మొదటి అయిదు గేమ్‌లూ కట్టింది వీళ్ళే. వీళ్ళు 1993లో నింటెండోవాళ్ళ సూపర్ ఫామికామ్ అనే మెషిన్ మీద రోగ్ లాంటి గేమ్ తెచ్చారు. నడిపేది '@' గుర్తుని కాదు, జనానికి ముందే తెలిసిన మొహాన్ని. డ్రాగన్ క్వెస్ట్ నాలుగో భాగంలో టోర్నెకో అని ఒక బొద్దు వ్యాపారి ఉంటాడు, అతను. గమనించారా, హీరోని తీసుకోలేదు. కత్తివీరుణ్ణి తీసుకోలేదు. దుకాణం పెట్టుకుని పెళ్ళాంబిడ్డల్ని పోషించుకునే మనిషిని గుహలోకి దింపారు. ఆ గేమ్ పేరులో 'ఫుషిగి నో డన్జన్' అని ఉంటుంది. ఫుషిగి అంటే వింత, అంతుపట్టనిది. ఇంగ్లిష్‌లో అదే మిస్టరీ డన్జన్ అయింది. 1995లో షిరెన్ అనే సంచారితో ఇంకొకటి చేశారు. ఇదీ రెండో పుట్టిల్లు.

2005 నవంబరు 17న ఈ రెండు కుటుంబాలకీ పెళ్ళయింది. జపాన్‌లో ఆ రోజు రెండు గేమ్‌లు వచ్చాయి. 'రెడ్ రెస్క్యూ టీమ్' గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద, 'బ్లూ రెస్క్యూ టీమ్' నింటెండో డీఎస్ మీద. మామూలుగా పోకెమాన్ జంట గేమ్‌లు రెండూ ఒకే మెషిన్ మీద వస్తాయి. ఇక్కడ ఒకటి వెళ్ళిపోతున్న మెషిన్ మీద, ఒకటి వస్తున్న మెషిన్ మీద. అమెరికాకి 2006 సెప్టెంబరులో వచ్చాయి. అప్పటికి ఉన్న 386 పోకెమాన్లూ అందులో ఉన్నాయి. మనుషులు మాత్రం ఒక్కరూ లేరు. ఒక్కరంటే ఒక్కరు లేరు! మీరు తప్ప. మీరు కూడా మనిషిగా ఉండరు.

గేమ్ ఆన్ చేయగానే ఏమవుతుందో చెబుతాను. పేరు అడగదు, ప్రశ్నలు అడుగుతుంది. వరసగా, ఇంటర్వ్యూలాగా. పరీక్ష దగ్గరపడింది, ఎలా చదువుతావు? కష్టపడి చదువుతావా, ఆఖరి నిమిషంలో చూసుకుంటావా, అసలు పట్టించుకోకుండా ఆడుకుంటావా? ఇంకో ప్రశ్న నాకు బాగా ఇష్టం. తాడు కట్టుకుని ఎత్తు నుంచి దూకబోతున్నావు. భయమేసి ముందు ఒక బొమ్మని దూకించి చూశావు. తాడు తెగింది. ఇప్పుడు నువ్వు దూకుతావా? చూడండి, గేమ్ మొదలవలేదు, అప్పుడే ఎంత కొంటె ప్రశ్నో! మీ జవాబులన్నీ కూడి, మగా ఆడా కూడా అడిగి, పదహారు పోకెమాన్లలో నువ్వు ఫలానా అని తేల్చేస్తుంది. అక్కడ ఎంపిక మీది కాదు. అసలు సిరీస్‌లో మొదటి పోకెమాన్‌ని ఎంచుకోవడం ఎంత పెద్ద ఘట్టమో మీకు తెలుసు. ఇక్కడ ఆ అధికారం లాగేసుకున్నారు. నేను ప్రశ్నలన్నిటికీ నిజాయితీగా జవాబు చెప్పాను. తేలినది సైడక్. తెలియనివాళ్ళ కోసం, సైడక్ అంటే ఎప్పుడూ తలనొప్పితో, రెండు చేతులూ తలకి పెట్టుకుని అయోమయంగా చూసే పసుపుపచ్చ బాతు. అవునమ్మా, నవ్వండి. నేను మెషిన్ ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి జవాబులు మార్చి చెప్పాను, ధైర్యవంతుడిలాగా. ఎవరూ చూడకపోయినా సిగ్గేసింది, అది వేరే విషయం. తోక చివర నిప్పు వెలిగే బల్లి లాంటి చార్‌మాండర్ వచ్చింది. హాయిగా ముందుకెళ్ళాను.

తరవాత మీకో తోడు. దాన్ని మాత్రం మీరే ఎంచుకోవచ్చు, నిప్పు, నీరు అంటూ పోకెమాన్లకి రకాలుంటాయి, అది మీ రకమే కాకూడదు అంతే. మీరు అడవిలో స్పృహ వచ్చి లేస్తారు. ఏమీ గుర్తుండదు, మనిషినన్నది ఒక్కటే గుర్తుంటుంది. ఆ తోడు మిమ్మల్ని చూసి, నువ్వు మనిషివా, అలా కనబడటం లేదే అంటుంది. అంతలో బటర్‌ఫ్రీ అనే సీతాకోకచిలుక వచ్చి, నా బిడ్డ గుంటలో పడిపోయిందని ఏడుస్తుంది. వెళ్ళి కాపాడి తెస్తారు. అలా రెస్క్యూ టీమ్ పుడుతుంది. లోకంలో భూకంపాలూ ఉత్పాతాలూ ఎక్కువయ్యాయి, ఎక్కడపడితే అక్కడ జనం ఇరుక్కుపోతున్నారు. ఈ గేమ్‌లో జనం అంటే పోకెమాన్లే. మీ పని ఇరుక్కున్నవాళ్ళని బయటికి తేవడం.

ఇప్పుడు గుహలోకి వెళదాం. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెబుతాను.

నేల గళ్ళుగళ్ళుగా ఉంటుంది. మీరు ఒక గడి కదిలితే ప్రతిదీ ఒకసారి కదులుతుంది. మీరు ఆగితే లోకం ఆగుతుంది. టైమర్ తరుముకు రాదు. కావాలంటే ఒక్క అడుగు వేయడానికి పావుగంట ఆలోచించండి, ఎవరూ ఏమీ అనరు. చేతిలో పట్టుకుని ఆడే మెషిన్‌కి ఇంతకంటే నప్పే గేమ్ ఉండదు. బస్సు వచ్చింది, మూత వేసేయండి. కూర్చున్నాక తెరవండి, శత్రువు అక్కడే, ఆ గడిలోనే నిలబడి ఉంటాడు.

కానీ ప్రతి అడుగుకీ ఖరీదు ఉంది. తెర మీద కడుపు అని ఒక అంకె. వందతో మొదలై నడిచేకొద్దీ తగ్గుతూ ఉంటుంది. ఒక ఆపిల్ తింటే యాభై పెరుగుతుంది. అంకె సున్నా అయితే అడుగడుక్కీ ప్రాణం కారిపోతుంది. పోనీ ఒక అంతస్తులోనే తిరుగుతూ బలం పెంచుకుందామా అంటే, చాలాసేపు తిరిగితే ఎక్కడి నుంచో గాలి లేస్తుంది. మొదట చిన్నగా హెచ్చరిస్తుంది. తరవాత గట్టిగా. వినకపోతే ఎత్తి బయట పారేస్తుంది. నడిస్తే ఆకలి, నిలబడితే గాలి. మీకు అర్థమైంది కదా? ముందు నుయ్యి వెనక గొయ్యి అని మనం ఊరికే అంటాం, ఈ చున్‌సాఫ్ట్‌వాళ్ళు దాన్ని లెక్కలు వేసి కట్టారు.

సంచిలో ఇరవై వస్తువులకే చోటు. ఎన్ని ఆపిల్స్, ప్రాణం పెంచే ఓరన్ బెర్రీలు ఎన్ని, పడిపోతే లేపే రివైవర్ గింజ ఒకటా రెండా? ఇంటి నుంచి ఊరెళ్ళేటప్పుడు సంచి సర్దే టెన్షన్ ఉంటుందే, అదే. నా కథ ఒకటి చెబుతాను. ఒకసారి లోతుగా దిగాను, కడుపు అంకె పన్నెండుకి వచ్చింది. నాకేం భయం, సంచిలో పెద్ద ఆపిల్ ఉంది. ఇంకో గది దాటి తిందాంలే అని అడుగేశాను. కాలికింద కనబడని ట్రాప్. జిగట ట్రాప్. సంచి మీద జిగురు పడింది. చూస్తే సరిగ్గా ఆపిల్‌కే అంటుకుంది! అంటుకున్నది తినడానికి వీల్లేదు. చేతిలో తిండి ఉంది, నోట్లోకి పోదు. నేను ఆ ఆపిల్‌ని చూస్తూ చూస్తూ పస్తుతో పడిపోయాను. ఏ గేమ్ రచయితా ఆ సన్నివేశం రాయలేదు. ఒక ఆకలి రూలు, ఒక ట్రాప్ రూలు, ఒక సోమరి ఆటగాడు, మూడూ కలిసి రాసుకున్నాయి.

కెక్లియాన్ అంగడి గురించి చెప్పకపోతే ఇందాక చేతులెత్తిన ఆ ముగ్గురూ నన్ను క్షమించరు. ఊళ్ళో కెక్లియాన్ అని ఊసరవెల్లి లాంటి వ్యాపారి, చాలా మర్యాదస్తుడు. అప్పుడప్పుడు గుహ మధ్యలో కూడా చాప పరిచి దుకాణం పెడతాడు. చాప మీద వస్తువు తీసుకుని డబ్బివ్వకుండా బయటికి అడుగేశారనుకోండి, పాట మారిపోతుంది. దొంగ దొంగ అంటూ ఎక్కడెక్కడి నుంచో కెక్లియాన్లు గుంపుగా పరిగెత్తుకొస్తారు. మీ ఒక్క అడుగుకి వాళ్ళవి రెండు. నవ్వుతూ అమ్మినవాడే! ఎవరైనా ఒక్కసారైనా ప్రయత్నించకుండా ఉన్నారా? ఆఁ, వెనక ఆ బాబు తల అడ్డంగా ఊపుతున్నాడు. నేను నమ్మను.

సరే, స్నేహం సంగతి. ఇక్కడ బంతి లేదు. విసిరి బంధించడం లేదు. ఓడిపోయిన పోకెమాన్ లేచి, మీ టీమ్‌లో చేరతానని తనే అడుగుతుంది. అన్నిసార్లూ అడగదు, ఎప్పుడో ఒకసారి. మీరు సరేననవచ్చు, వద్దనవచ్చు. అది ఉండటానికి తగిన చోటు మీరు ముందే కొని ఉంచాలి. అడవిలో బతికేదానికి అడవి, నీళ్ళలోదానికి చెరువు. చోటు లేకపోతే చేరనే చేరదు. చేరినదాన్ని గుహ దాటించి క్షేమంగా ఊరు చేర్చాలి. మధ్యలో అది పడిపోతే వెళ్ళిపోతుంది, మీ మనిషి కాదిక. చావగొట్టి స్నేహం చేయడమేమిటి అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు, పాత వాసన అక్కడ కాస్త మిగిలింది. అయినా ఇల్లు చూపించాక పిలవడం, సీసాలో పెట్టడం ఒకటి కాదు కదా.

తోడు గురించి ఇంకో రూలు. కథ నడుస్తున్నంతసేపూ, మీరు పడిపోయినా, మీ తోడు పడిపోయినా, ప్రయాణం ముగిసినట్టే. మీరు నిండు ఆరోగ్యంతో ఉన్నా సరే, తోడు పడితే ఆట పోయింది. ఒక్క డైలాగ్ అక్కర్లేదు. అరగంట ఆడేసరికి మీ కళ్ళు మీ ప్రాణం అంకె మీద ఉండవు, పక్కదాని అంకె మీద ఉంటాయి. దాన్ని నడిపేది మెషినే కాబట్టి ఒక్కోసారి తిన్నగా శత్రువు నోట్లోకి నడుస్తుంది, అప్పుడు మీరు తెరని తిడతారు. తిట్టుకుంటూనే మీ దగ్గరున్న ఆఖరి బెర్రీ దానికిస్తారు.

నేను ఇంతదూరం వచ్చింది ఇది చెప్పడానికి. పడిపోతే ఏమవుతుంది? చేతిలో ఉన్న డబ్బంతా పోతుంది, సంచిలో చాలా వస్తువులు పోతాయి, ఊళ్ళో తేలుతారు. అది ఒక దారి. రెండో దారి ఉంది. పడిన చోటే పడి ఉండి సాయం అడగవచ్చు. గేమ్ మీకు ఒక పొడుగాటి పాస్‌వర్డ్ ఇస్తుంది, ఎస్ఓఎస్ మెయిల్ అంటారు. దాన్ని మీ స్నేహితుడికి, నిజం స్నేహితుడికి, ఇవ్వాలి. అతను తన మెషిన్‌లో అది కొట్టి, మీరు పడిపోయిన అంతస్తుదాకా తనే దిగి రావాలి. వచ్చాక అతనికి ఇంకో పాస్‌వర్డ్ వస్తుంది. అది మీకు చెబితే, మీరు కొడితే, పడిన చోటే లేస్తారు. సంచి చెక్కుచెదరదు. ఆ తరవాత మీరు థాంక్స్ చెబుతూ ఇంకో కోడ్ పంపవచ్చు, బహుమతి కూడా జతచేసి.

నేను ఒక కాగితం మీద పెన్నుతో ఆ కోడ్ రాసుకున్నాను. అక్షరాలు, అంకెలు, వంకర గుర్తులు. మా స్నేహితుడికి ఫోన్‌లో చదివాను. తప్పని వచ్చింది. మళ్ళీ చదివాను. మళ్ళీ తప్పే. మూడోసారి చూసుకుంటే నేనే ఒక అక్షరం రాసుకోవడంలో పొరబడ్డాను. అతను విసుక్కుంటూనే దిగాడు. మర్నాడు సాయంత్రం ఫోన్ చేసి, రాసుకో, అన్నాడు. ఆ కోడ్ కొడితే నా చార్‌మాండర్ లేచి నిలబడింది. ఆ రాత్రంతా అది అక్కడ పడి ఉందన్న భావం ఉంది చూశారా, ఏ గేమ్‌లోనూ నాకు అలా అనిపించలేదు. పైగా అతనికి నా కంటే తక్కువ లెవెల్. రెండుసార్లు తనూ పడ్డాడట, నాకు చెప్పలేదు. ఊరిని కాపాడే టీమ్ మాది అని గేమ్‌లో బోర్డు పెట్టుకుని తిరిగేది నేను, నన్ను కాపాడటానికి ఇంకొకడు రావాల్సి వచ్చింది. రెస్క్యూ అన్న మాట అప్పుడే నాకు నిజంగా అర్థమైంది.

ఈ రూల్స్ అర్థమయ్యాక ఊరు వేరేగా కనబడుతుంది. కంగస్కాన్ అనే పోకెమాన్ ఎందుకు గోదాము నడుపుతోంది? గుహలో పడితే సంచి పోతుంది కాబట్టి. పర్షియన్ ఎందుకు బ్యాంకు పెట్టింది? చేతిలో డబ్బు పోతుంది కాబట్టి. పెలిపర్ పోస్టాఫీసు గోడకి కాగితాలు ఎందుకు అంటిస్తోంది? ఇరుక్కున్నవాళ్ళు రోజూ ఉంటారు కాబట్టి. ఆ ఊళ్ళో ప్రతి వృత్తీ ఒక భయంలోంచి పుట్టింది. అలాంటి ఊరు కథ మధ్యలో మీ మీదికి తిరగబడుతుంది. ఈ ఉత్పాతాలన్నిటికీ మనిషిగా పుట్టి పోకెమాన్‌గా మారిన ఒకడే కారణమని జెంగార్ అనే పోకెమాన్ ఊరందరినీ నమ్మిస్తాడు. నిన్నటిదాకా మీరు కాపాడినవాళ్ళే మిమ్మల్ని తరుముతారు. పారిపోతారు, నిప్పుల కొండ దాటి, మంచు అడవి దాటి. దుకాణాలున్న ఊళ్ళోకి అడుగు పెట్టడానికి లేదు. పక్కన తోడు ఒక్కటే. అప్పటి అసలు సిరీస్‌లో హీరోని ఊరు వెలివేయడం ఊహించండి. ఊహించలేరు.

2007లో రెండో జత, 'ఎక్స్‌ప్లోరర్స్ ఆఫ్ టైమ్', 'ఎక్స్‌ప్లోరర్స్ ఆఫ్ డార్క్‌నెస్'. రెండూ డీఎస్ మీదే. 2009లో వాటిని కలిపి పెంచి 'ఎక్స్‌ప్లోరర్స్ ఆఫ్ స్కై'. చాలామంది అభిమానులు ఈ స్కైనే నెత్తిన పెట్టుకుంటారు, నేనూ ఆ గుంపులోవాణ్ణే. ఇందులో మీరు సొంత టీమ్ పెట్టే మొనగాళ్ళు కారు, విగ్లీటఫ్ అనే పోకెమాన్ నడిపే గిల్డ్‌లో, అంటే అన్వేషకుల సంఘంలో, కొత్త శిష్యులు. మీ తోడు పిరికిది. గిల్డ్ గుమ్మం దాకా వచ్చి, కింద జాలీలోంచి ఎవరో పాదముద్ర చూసి కేకేస్తే హడలిపోయి వెనక్కి పోతుంది. మీరు వచ్చాకే లోపలికి అడుగు పెడుతుంది.

మొదటి పని గుర్తుందా? స్పోయింక్ అనే చిన్న పంది లాంటి పోకెమాన్, నెత్తిమీది ముత్యం పోగొట్టుకుంది. ముత్యం లేకుండా గెంతలేనని బెంగ. తెచ్చిస్తారు. సంతోషంతో రెండు వేల పోకే ఇస్తుంది. పోకే అంటే వాళ్ళ డబ్బు. మీ తోడు ఎగిరి గంతేస్తుంది, ఇంత డబ్బా అని. అప్పుడు గిల్డ్ పెద్ద గుమాస్తా, చాటాట్ అనే చిలక, ఆ డబ్బు తీసుకుని లెక్కపెట్టి మీ చేతిలో ఎంత పెడుతుందో తెలుసా? రెండు వందలు. మిగతాది గిల్డ్‌కి, రూలు అంతే అంటుంది. నవ్వుతున్నారు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు మరీ గట్టిగా నవ్వుతున్నారు. ఇంకో రోజు పని చెడగొట్టుకొస్తే రాత్రి భోజనం పెట్టరు. మర్నాడు తోటి శిష్యులు తమ వాటాలోంచి దాచి ఉంచింది తెచ్చి పెడతారు. మొదటి గేమ్‌లో కడుపు అంటే ఒక అంకె. ఇక్కడ అది ఒక సన్నివేశం అయింది.

కథ మొత్తం చెప్పను. కాలాన్ని నడిపే టైమ్ గేర్లని గ్రోవైల్ అనే దొంగ ఎత్తుకుపోతుంటాడు. డస్క్‌న్వార్ అనే పెద్దమనిషి, పేరున్న అన్వేషకుడు, వాణ్ణి పట్టుకోవడానికి సాయపడతాడు. దొంగ ఎవరు, దొర ఎవరు అన్నది తరవాత తలకిందులవుతుంది. ఆడబోయేవాళ్ళు ఇప్పుడు ఒక నిమిషం చెవులు మూసుకోండి. మూసుకున్నారా? భవిష్యత్తు నుంచి వచ్చినవాళ్ళు, భవిష్యత్తుని మార్చితే తామే ఉండరు. మీరు గెలుస్తారు. గెలిచి, టవర్ మీది నుంచి తోడుతో కలిసి తిరిగి వస్తుంటారు. మీ ఒంట్లోంచి వెలుగు చుక్కలు లేస్తుంటాయి. మీకు తెలుసు. తోడుకి తెలియదు. ఆ దారిలో ఆ కొన్ని అడుగులు... అంతే, చెవులు తెరవండి. స్కైలో పక్క పాత్రలతో అయిదు చిన్న కథలు కూడా ఉన్నాయి. గిల్డ్‌లో అందరికంటే అల్పుడైన బిడూఫ్‌కి ఒకటి, ఆ దొంగకి ఒకటి. దొంగది మాత్రం అసలు కథ పూర్తయ్యాకే ఆడండి. సంగీతం గురించి అరగంట మాట్లాడగలను, టైమ్ లేదు. అరతా ఈయోషి అన్న పేరు గుర్తుపెట్టుకోండి, చాలు.

లోపాలు లేవా? బోలెడు. విమర్శకులు అప్పట్లో మార్కులు ముక్కుతూ మూలుగుతూ వేశారు. వాళ్ళ మాటలో నిజముంది. గుహలన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఫలానావాణ్ణి తీసుకురా, ఫలానా వస్తువు అందించు, ఇవే పనులు తిప్పితిప్పి వస్తాయి. మాటలు మరీ ఎక్కువ, ఒకే సంగతి తోడు మూడుసార్లు చెబుతుంది. చదవడం ఇష్టంలేని పిల్లలకి ఇది శిక్ష.

అయితే ఒక తమాషా. 2012లో త్రీడీఎస్ మీద 'గేట్స్ టు ఇన్ఫినిటీ' వచ్చింది. ఈసారి ఆటని తేలిక చేశారు. ప్రశ్నలు తీసేశారు, అయిదు పోకెమాన్లలో నచ్చినదాన్ని ఎంచుకోవడమే. చాలా గుహల్లో ఆకలి కూడా తీసేశారు. బొమ్మలు బాగున్నాయి, కథా చెడ్డది కాదు. కానీ ఏదో వెలితి. నేను చాలా రోజులు కథలో వెతికాను, ఎక్కడ తప్పు జరిగిందా అని. కడుపు నిండిపోయింది, అదీ సంగతి! ఆపిల్‌కి విలువ లేనిచోట, ఆపిల్ పంచి ఇచ్చినవాడికీ విలువ లేదు. 2015లో 'సూపర్ మిస్టరీ డన్జన్'లో 720 పోకెమాన్లతోపాటు ప్రశ్నలూ ఆకలీ రెండూ తిరిగొచ్చాయి. 2020 మార్చి 6న మొదటి గేమ్‌ని నింటెండో స్విచ్ అనే మెషిన్ మీద 'రెస్క్యూ టీమ్ డీఎక్స్' పేరుతో మళ్ళీ గీశారు, పిల్లల బొమ్మల పుస్తకంలాగా నీటిరంగులతో.

ప్రశ్నలుంటే ఒకటి రెండు తీసుకుంటాను. చెప్పమ్మా. ఏది ముందు ఆడాలి? ఇప్పుడు చేతిలో స్విచ్ ఉంటే డీఎక్స్‌తో మొదలుపెట్టు, సులువు. పాత డీఎస్ దొరికితే మాత్రం నేరుగా స్కై. కథల మధ్య లంకె లేదు, ఏదైనా ముందు ఆడవచ్చు. బ్యాటరీ చూసుకో. ఎరుపు లైటు వెలుగుతుంటే గుహలోకి దిగకు, నేను దిగి ఏడ్చాను.

ఇంకొకటి. సైడక్ సంగతా? ఎవరో అడుగుతారనుకున్నాను. డీఎక్స్‌లోనూ అవే పదహారు పోకెమాన్లు, అలాంటి ప్రశ్నలే. ఈసారి తేలినది నచ్చకపోతే మార్చుకోమని గేమే చెబుతుంది, అబద్ధాలాడే పని లేదు. పద్నాలుగేళ్ళ తరవాత నింపాదిగా కూర్చుని ప్రతిదానికీ నిజమే చెప్పాను. పరీక్షకి ఆఖరి నిమిషంలోనే చదువుతానన్నాను. బొమ్మ తాడు తెగితే దూకనన్నాను. తెర తెల్లబడింది. మళ్ళీ రెండు చేతులూ తలకి పెట్టుకుని ఆ బాతే. మార్చుకుంటావా అని అడిగింది. వద్దన్నాను.